మిట్‌హోల్ట్స్ ఎందుకు ఖాళీ అవుతోంది?

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ కాంటన్‌లో (కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది) కాండర్‌గ్రుండ్ అనే మున్సిపాలిటీ ఉంది. పేరుకే మున్సిపాలిటీ, జనం 800 దాకా ఉంటారు. మన లెక్కలో చిన్న పంచాయతీ. అందులోని మిట్‌హోల్ట్స్ ఊరికి కొన్నేళ్లుగా కంటి మీద కునుకు లేదు. పక్క కొండలో సైన్యం పాత మందుగుండు ఇంకా మిగిలి ఉంది. ఆ కొండ దగ్గర్లో ఉన్న కుటుంబాలు 2030 కల్లా ఇళ్లు ఖాళీ చేయాలి. వెళ్తే మళ్లీ పదేళ్లకు పైగా రాలేరు.

ఇక్కడ కాండర్ నది లోయ బాగా ఇరుకు. రెండు వైపులా నిటారు కొండలు, మధ్యలో నది, రోడ్డు, రైలు పట్టాలు. 1913లో లోచ్‌బెర్గ్ సొరంగం తెరుచుకోవడంతో ఈ లోయ ఆల్ప్స్ దాటి దక్షిణానికి వెళ్లే దారి అయింది. సొరంగం నోరు పై ఊరు కాండర్‌స్టెగ్‌లో ఉంది. అంత ఎత్తు ఒక్కసారిగా ఎక్కలేక రైలు మిట్‌హోల్ట్స్ దగ్గర కొండను చుట్టుకుంటూ మెలికలు తిరుగుతుంది. టూరిస్టులు ఆగేది మాత్రం బ్లావ్‌జే దగ్గర. నీలి నీళ్ల ఆ చిన్న చెరువు కూడా ఈ మున్సిపాలిటీదే.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో స్విస్ సైన్యం ఆల్ప్స్ కొండలనే కోటగా మార్చుకుంది. కొండ గట్టిది, రైలు పక్కనే ఉంది. ఇంకేం కావాలి? మిట్‌హోల్ట్స్ పైనున్న రాతి గోడను తొలిచి మందుగుండు గిడ్డంగి కట్టారు. వ్యాగన్లు నేరుగా లోపలికే వెళ్లేవి. యుద్ధం ముగిసేసరికి లోపల 7,000 టన్నుల సరుకు పేరుకుంది.

1947 డిసెంబర్ 19, అర్ధరాత్రికి కాస్త ముందు అది పేలింది. ఒకసారి కాదు, వరుసగా పెద్ద పేలుళ్లు. రాతి గోడ విరిగిపడింది, ఇళ్లు, రైల్వే స్టేషన్ ధ్వంసమయ్యాయి. తొమ్మిది మంది చనిపోయారు. నిప్పు ఎలా పుట్టిందో ఇప్పటికీ ఖాయంగా తేలలేదు.

పేలింది దాదాపు సగమే. మిగతాది కూలిన సొరంగంలో, రాళ్ల గుట్ట కింద ఉండిపోయింది. పైన దొరికినంత ఏరేశారు. ఆ రోజుల్లో సైన్యం పనికిరాని మందుగుండును తీసుకెళ్లి థూన్ లాంటి సరస్సుల్లో పడేసేది. అడుగున ఉన్నదాని జోలికి మాత్రం వెళ్లలేదు. అది మళ్లీ పేలినా పెద్ద నష్టం ఉండదని నిపుణులు తేల్చారు, 1986లో మరోసారి చూసి అదే మాట చెప్పారు. జనం ఆ మాట నమ్మి అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. సైన్యమూ నమ్మినట్టే ఉంది: అదే కొండలో సైనికులకు బస, ఔషధాల స్టోర్ నడిపింది.

ఈ కథలో నాకు మింగుడుపడనిది ఇక్కడే ఉంది. లెక్క తిరగబడింది ఊరి జనం గురించి ఎవరో బెంగపడి కాదు. సైన్యానికి ఒక డేటా సెంటర్ కావాల్సి వచ్చింది, ఆ పాత గిడ్డంగి పనికొస్తుందా అని చూశారు. 2018లో వచ్చిన రిపోర్టు, అనుకున్నదానికంటే ముప్పు ఎక్కువని చెప్పింది. లోపల ఇంకా 3,500 టన్నుల మందుగుండు ఉండొచ్చని అంచనా. అందులో అసలు పేలుడు పదార్థమే వందల టన్నులు. రాయి జారినా, ఇంకొంచెం కూలినా అంటుకోవచ్చు. సైన్యం వెంటనే తన బస ఖాళీ చేసింది. ఊరికి మాత్రం 2020 ఫిబ్రవరిలో, మీరూ పదేళ్లు వెళ్లాల్సి రావచ్చని కబురు వచ్చింది.

అలాగే వదిలేద్దామా, పైన మట్టి, రాయి కప్పేద్దామా అన్న చర్చలూ నడిచాయి. చివరికి 2020 డిసెంబర్‌లో మొత్తం తవ్వి తీయాలని ప్రభుత్వం నిర్ణయించింది. 2023లో పార్లమెంటు 259 కోట్ల ఫ్రాంకులు ఇచ్చింది. ముందు రోడ్డుకూ రైలుకూ రక్షణ కట్టడాలు, ఆ తర్వాతే తవ్వకం. అది 2030ల్లో గానీ మొదలు కాదు.

ఇళ్లు, స్థలాలు ప్రభుత్వమే కొంటోంది కాబట్టి డబ్బు గొడవ కొంత తగ్గింది. కానీ పశువులున్న రైతుకు ఇల్లు దొరికితే సరిపోదు, పచ్చిక కావాలి. ఇంత ఇరుకు లోయలో ఖాళీగా పడి ఉన్న పచ్చిక ఎక్కడ దొరుకుతుంది? ఇక 1947లో పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటుతున్నాయి. పదేళ్ల తర్వాత తిరిగి రావచ్చన్న హామీ వాళ్లకు ఏ మాత్రం పనికొస్తుందో అధికారులకూ తెలుసు.