ఫౌలా, కాదా? పూల్ ఆడే పిల్లలకు ఉత్తరం

చిరంజీవులు పిల్లలందరికీ పెదనాన్న ఆశీస్సులు.

పూల్ టేబుల్ దగ్గర, అదే కర్రతో తెల్ల బంతిని కొట్టి దాంతో మిగతా బంతుల్ని పాకెట్లలో పడేసే ఆట దగ్గర, మీ పోట్లాట సంగతి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎనిమిదో నంబరు నల్ల బంతిని కొట్టబోతే అది పడలేదు, తెల్ల బంతి మాత్రం పాకెట్‌లోకి దొర్లిపోయింది. ‘ఆట అయిపోయింది, ఓడిపోయావ్’ అని ఒకరు, ‘ఫౌల్ మాత్రమే, ఆట ఉంది’ అని ఇంకొకరు. చివరికి తొండి అనే మాట కూడా వచ్చిందట. అది విని నాకు కష్టంగా అనిపించింది. మీలో తొండి ఆడినవాళ్లు ఎవరూ లేరు. మీరు వేర్వేరు చోట్ల ఆట నేర్చుకున్నారు, అంతే.

ముందు ఆ నల్ల బంతి సంగతి తేల్చేద్దాం. 1987లో ఏర్పడిన వరల్డ్ పూల్ బిలియర్డ్ అసోసియేషన్ రూల్స్ ప్రకారం అది ఫౌల్ మాత్రమే. అవతలివాళ్లు తెల్ల బంతిని చేత్తో తీసుకుని టేబుల్ మీద ఎక్కడైనా పెట్టి కొట్టుకోవచ్చు. నల్ల బంతి కూడా అదే షాట్‌లో పడి ఉంటే అప్పుడు ఆట పోయేది. అయితే అమెరికాలో చాలా బార్లలో, ఇళ్లలో నల్ల బంతి మీద ఆడుతూ తెల్ల బంతిని పోగొట్టుకుంటే ఓడిపోయినట్టే. వాళ్లకు అదే అసలు రూలు. మన వీధి క్రికెట్‌లో బంతి గోడ దాటితే సిక్సా ఔటా అన్నది సందు సందుకీ మారుతుంది కదా, ఇదీ అలాంటిదే.

ఇలా ఎందుకయిందంటే, మీరు ఆడే ఈ నల్ల బంతి పూల్, అంటే ఎయిట్ బాల్, 1900 ప్రాంతంలో అమెరికాలో పుట్టిన ఆట. జనం దాన్ని పుస్తకం చూసి నేర్చుకోలేదు, పక్కవాడిని చూసి నేర్చుకున్నారు. బార్లలో నాణెం వేస్తే ఆడనిచ్చే టేబుళ్లు వచ్చాయి. వాటిలో పడిన రంగు బంతి మళ్లీ బయటికి రాదు, కాబట్టి దాన్ని తీసి పైన పెట్టమనే రూలు అక్కడ కుదరదు. టేబుల్‌ని బట్టి రూలు మార్చుకున్నారు. బ్రిటన్‌లో ఎరుపు, పసుపు బంతులతో ఆడే పూల్‌లోనైతే ఫౌల్ చేస్తే అవతలివాడికి రెండు షాట్లు ఇచ్చే పద్ధతి ఉంది.

మన హైదరాబాద్ పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. పార్లర్‌లో పక్కనే స్నూకర్ టేబుల్ ఉంటుంది (పూల్ లాంటిదే, కానీ రూల్స్ వేరు), చాలామంది దాని మీదే చెయ్యి తిప్పుకుంటారు. స్నూకర్ మన దేశంలో పుట్టిన ఆటే. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే సైనికాధికారి మొదలుపెట్టాడు, తర్వాత ఊటీ క్లబ్‌లో దానికి రూల్స్ రాసుకున్నారు. ఆ అలవాటుతో పూల్‌కి వచ్చినవాళ్లు ముఖ్యంగా కుషన్ (టేబుల్ చుట్టూ ఉండే మెత్తటి అంచు) దగ్గర దెబ్బతింటారు. స్నూకర్‌లో సరైన బంతికి, అంటే ఆ షాట్‌లో ముందు తాకాల్సిన బంతికి, మెల్లగా తగిలించి వదిలేస్తే చాలు. పూల్‌లో చాలదు. తెల్ల బంతి సరైన బంతిని తాకాక ఏదో ఒక బంతి పాకెట్‌లో పడాలి, లేదా ఏదో ఒకటి కుషన్‌ని తాకాలి. రెండూ జరగకపోతే ఫౌల్. స్నూకర్ పిల్లాడు ముచ్చటగా మెల్లగా తాకించి నవ్వుతాడు, పూల్ పిల్లాడు తెల్ల బంతిని చేతిలోకి తీసుకుంటాడు. గొడవ అక్కడ మొదలు.

తెల్ల బంతిని ఎక్కడైనా పెట్టుకోనివ్వడం మరీ పెద్ద శిక్ష కదా అని మీలో ఒకరు అడిగారట. మంచి ప్రశ్న. ఇప్పటికీ చాలా ఇళ్లలో, తెల్ల బంతి పాకెట్‌లో పడితే దాన్ని బ్రేక్ (ఆటలో మొదటి షాట్) కొట్టే వైపు గీత వెనకే పెట్టి, గీత అవతలికి కొట్టాలంటారు. ఇప్పుడు చూడండి. నీ బంతి ఒక్కటే మిగిలింది, అదీ ఆ గీత వెనకే ఉంది. నేను కావాలని తెల్ల బంతిని పాకెట్‌లో పడేస్తాను. నువ్వు దాన్ని తెచ్చి నీ బంతి పక్కనే పెట్టినా నేరుగా కొట్టే వీల్లేదు, అవతలి కుషన్ దాకా పంపి వెనక్కి రప్పించాలి. ఫౌల్ చేసినవాడికి లాభం, చేయనివాడికి నష్టం. నాకు ఈ రూలు ఎప్పుడూ నచ్చలేదు. ఎక్కడైనా పెట్టుకోవచ్చంటే కావాలని ఫౌల్ చేసే సరదా చాలావరకు తీరిపోతుంది.

ఇక అసలు చెప్పాలనుకున్నది. రూలు ఇద్దరికీ ఒకటే తెలిసినా గొడవలు ఆగవు. ఎందుకంటే షాట్ అయ్యాక బంతులు ముందున్న చోట ఉండవు. ఏది ముందు తాకిందో, ఎంత ఎడం ఉందో చూపించడానికి టేబుల్ మీద ఏమీ మిగలదు. అందుకే షాట్ కష్టంగా కనిపిస్తే, కొట్టకముందే ఆపండి. ‘ఒక్క నిమిషం, ఎవరైనా వచ్చి చూడండి’ అనండి. అలా అడిగితే కొట్టేవాళ్లు నొచ్చుకోకూడదు, నిన్ను నమ్మడం లేదని దానికి అర్థం కాదు. పెద్ద పోటీల్లో కూడా రిఫరీని అలాగే పిలుస్తారు. ఎవరూ చూడకుండా కొట్టేశాక తెల్ల బంతి ఒకేసారి రెండు బంతులకు తగిలినట్టనిపించి, ఏది ముందో తేలకపోతే, సరైన బంతికే ముందు తగిలినట్టు లెక్క. కొట్టినవాళ్ల పక్షమే. ఇంకొకటి, తర్వాతి షాట్ మొదలయ్యేలోపు ఫౌల్ అని చెప్పకపోతే అది జరగనట్టే. రెండు షాట్ల తర్వాత గుర్తొచ్చి తవ్వుకోవడం ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ గొడవ తెచ్చేది డబుల్ హిట్, అంటే ఒకే షాట్‌లో క్యూ (కొట్టే కర్ర) తెల్ల బంతికి రెండుసార్లు తగలడం. దీన్ని మీరు కళ్లతో పట్టుకోవడం నేర్చుకోవాలి, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. తెల్ల బంతికీ రంగు బంతికీ మధ్య వేలెడు ఎడం కూడా లేదనుకోండి. నేరుగా, క్యూ చదునుగా పట్టుకుని గట్టిగా పొడిచారు. క్యూ కొన తెల్ల బంతిని తాకి ఉండేది సుమారు సెకనులో వెయ్యో వంతు. తెల్ల బంతి వెంటనే రంగు బంతికి తగులుతుంది. రెండిటి బరువూ దాదాపు ఒకటే, 156 నుంచి 170 గ్రాముల మధ్య, కాబట్టి తన వేగమంతా రంగు బంతికి ఇచ్చేసి తెల్ల బంతి దాదాపు ఆగిపోతుంది. కానీ మీ చెయ్యి ఆగదు. క్యూ ఇంకా ముందుకే వస్తూ ఆగబోతున్న తెల్ల బంతిని మళ్లీ పొడుస్తుంది. అదే ఫౌల్.

ఆ రెండో పోటు కంటికి కనపడదు. తర్వాత ఏం జరిగిందన్నది కనపడుతుంది. ఎడం బాగా ఉన్నప్పుడు, పైభాగంలో కొట్టిన తెల్ల బంతి రంగు బంతికి నిండుగా తగిలాక ఒక్క క్షణం తటపటాయించి, తన తిరుగుడు వల్ల మెల్లగా ముందుకు సాగుతుంది. డబుల్ హిట్‌లో ఆ తటపటాయింపు ఉండదు. రంగు బంతి వెనకాలే, దాదాపు అదే వేగంతో, తరుముతున్నట్టు పోతుంది. అలా పోతే ఫౌలేనని నేను ధైర్యంగా చెప్తాను. ఫోన్‌లో స్లో మోషన్ తీసినా మీరు చూడాల్సింది ఇదే. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్‌కి కూడా ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య సెకనులో వెయ్యో వంతులు నాలుగు గడిచిపోతాయి, కాబట్టి క్యూ కొన తగలడం అందులో దొరక్కపోవచ్చు. బంతుల నడక మాత్రం దొరుకుతుంది.

ఇది తప్పించుకోవాలంటే రంగు బంతికి నిండుగా కాకుండా ఒక పక్కకి తగిలేలా కొట్టండి. లేదా క్యూ వెనక భాగం బాగా పైకెత్తి, చిన్నగా పొడిచి ఆపండి. రెండు బంతులూ పూర్తిగా అంటుకుని ఉంటే లెక్క వేరు. పూల్‌లో మామూలుగా కొట్టినంత వరకు ఆ బంతి వైపే కొట్టొచ్చు. స్నూకర్‌లోనైతే ఆ బంతిని కదపకుండా పక్కకి ఆడి తీరాలి. అంటుకుందా, వెంట్రుకవాసి ఎడం ఉందా అన్నది షాట్‌కి ముందే ఇద్దరూ వంగి చూసి ఒప్పుకోండి. కుషన్‌కి ఆనుకున్న బంతికీ ఇంతే. అది ఆనుకుని ఉందని ముందే చెప్పుకుంటే, కుషన్‌ని వదిలి మళ్లీ తాకితేనే లెక్కలోకి వస్తుంది. ముందు చెప్పకపోతే ఆనుకోనట్టే.

మోచేయో చొక్కా చేతులో తగిలి బంతి కదిలితే? రిఫరీ లేని ఆటల్లో చాలామంది తెల్ల బంతి కదిలితేనే ఫౌల్ అనుకుంటారు. వేరే బంతి కదిలితే అవతలివాళ్లు కావాలంటే వెనక్కి జరుపుకోవచ్చు. మీకూ ఇదే సుళువు. కదిలించినవాళ్లు దాన్ని సొంతంగా వెనక్కి పెట్టకూడదు, అడగాలి. నైన్ బాల్ (పూల్‌లోనే ఇంకో రకం ఆట) ఆడేటప్పుడు వరసగా మూడు ఫౌల్స్ చేస్తే ఆ ఆట పోతుంది, కానీ రెండయ్యాక ‘నీకు రెండయ్యాయి’ అని అవతలివాళ్లు చెప్పి ఉండాలి.

దసరాకి మీరు ఇక్కడికి వచ్చినప్పుడు పొద్దున్నే పార్లర్‌కి వెళ్దాం, అప్పుడు టేబుళ్లు ఖాళీగా ఉంటాయి. ఎడం కొంచెం కొంచెం పెంచుకుంటూ ఒకే షాట్ కొడదాం, ఒకరు కొడితే ఒకరు ఫోన్ పట్టుకోవాలి. ఏ ఎడం దగ్గర డబుల్ హిట్ ఆగిపోతుందో మీరే నాకు చెప్పండి.

మీ పెదనాన్న