చలికాలంలో ఇంట్లో వెచ్చగా ఉండటం: అపోహలు - వాస్తవాలు

చలికాలం వచ్చిందంటే డాక్టర్ల దగ్గరకు జలుబు, దగ్గు కేసులే ఎక్కువ వస్తాయని అందరూ అనుకుంటారు. నిజమే. కానీ ఫిజీషియన్‌గా నన్ను ఎక్కువ బాధపెట్టేవి వేరే ఉన్నాయి. హాట్ వాటర్ బ్యాగ్ పెట్టుకుని నిద్రపోతే కాలిన పాదాలు, రోజూ హీటర్ పక్కనే కూర్చోవడంతో మచ్చలు పడ్డ పిక్కలు, కుంపటి పెట్టుకున్న గదిలో తలుపులు మూసుకుని పడుకుని స్పృహ తప్పినవాళ్ళు. ఇవన్నీ చలి తగ్గించుకోబోయి తెచ్చుకున్న కష్టాలు. వాటి వెనక ఉన్నవి మంచి ఉద్దేశంతో ఒకరికొకరు చెప్పుకునే మాటలే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం. ఊరికే కూర్చున్న మనిషి శరీరం కూడా సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తూనే ఉంటుంది. ఆ వేడి బయటికి పోకుండా చూసుకోగలిగితే చలి సమస్య సగం తీరినట్టే. అయితే మనకు వెచ్చగా ఉందో లేదో చెప్పేది చర్మం. లోపల గుండె, మెదడు ఎంత వేడిగా ఉన్నాయో చర్మానికి సరిగ్గా తెలియదు. వెచ్చగా అనిపించడం వేరు, ఒంట్లో వేడి నిలవడం వేరు. కింద చెప్పబోయే అపోహల్లో చాలావాటికి మూలం ఈ తేడా తెలియకపోవడమే.

అపోహ: ఒక పెగ్గు వేసుకుంటే చలి పోతుంది.

వెచ్చగా అనిపించే మాట నిజం. మద్యం వల్ల చర్మంలోని సన్నటి రక్తనాళాలు విప్పారుతాయి. లోపలి వేడి రక్తం పైకి వచ్చి చెంపలు, చేతులు వెచ్చబడతాయి. అక్కణ్ణుంచి ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. చలి వేసినప్పుడు ఆ నాళాలు ముడుచుకోవడం శరీరం తనను తాను కాపాడుకునే మొదటి పద్ధతి. మద్యం సరిగ్గా దాన్నే దెబ్బకొడుతుంది. కండరాలు వేడి పుట్టించే వణుకును కూడా తగ్గిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, తాగిన మనిషికి తనకు చలేస్తోందన్న సంగతి తెలియదు, లేచి దుప్పటి కప్పుకోవాలని తోచదు. సిగరెట్ సంగతీ అంతే. నికోటిన్ వల్ల వేళ్ళకు రక్తం తగ్గి చేతులు ఇంకా చల్లబడతాయి.

మరి వేడిగా ఏదైనా తాగితే? హాయిగా తాగండి. కాకపోతే లెక్క వేస్తే, 60 డిగ్రీల వేడి ఉన్న పావు లీటరు పానీయం 70 కిలోల మనిషి ఒంటి వేడిని పెంచేది డిగ్రీలో పదో వంతే. కప్పు పట్టుకున్న చేతులకు వెచ్చగా ఉంటుంది, ప్రాణం లేచి వచ్చినట్టుంటుంది. అది చాలు. అయితే దాన్ని స్వెటర్‌కు బదులు అనుకోకండి. లేచి పది నిమిషాలు ఇంట్లోనే అటూ ఇటూ నడిస్తే అంతకంటే చాలా ఎక్కువ వేడి పుడుతుంది.

అపోహ: పొగ రాకపోతే కుంపటితో ప్రమాదం లేదు. కిటికీ కాస్త తీసి పెడితే చాలు.

దయచేసి దీన్ని జాగ్రత్తగా చదవండి. మిగతా అపోహల వల్ల డబ్బు పోతుంది, చర్మం కాలుతుంది. దీనివల్ల మనుషులు పోతారు.

కొత్తగా అంటించిన బొగ్గులు పొగ వేస్తాయి, కళ్ళు మండుతాయి, దగ్గు వస్తుంది. ఆ బాధ వల్లే మనం కిటికీ తీస్తాం, లేచి బయటికి పోతాం. కాసేపటికి పొగ ఆగి బొగ్గులు ఎర్రగా కణకణలాడతాయి. సరిగ్గా అప్పుడే అందరూ 'ఇక ఫరవాలేదు' అని కుంపటిని లోపలికి తెచ్చుకుంటారు. ఆ ఎర్రటి నిప్పు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. అంటే గాలిలో కొంచెమే ఉన్నా, గంటలు గడిచేకొద్దీ రక్తంలో పేరుకుపోతుంది.

మొదట తలనొప్పి, తల తిరగడం, వికారం. ఫ్లూ అనుకుంటారు, కానీ జ్వరం ఉండదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా ఉన్నా, బయటికి వెళ్తే తగ్గి ఇంట్లోకి రాగానే మళ్ళీ మొదలవుతున్నా ముందుగా దీన్నే అనుమానించాలి. తర్వాత మత్తు కమ్ముతుంది. నిద్రలో ఉన్నవాళ్ళకు ఈ సూచనలేవీ తెలియవు. నిద్రలోనే మత్తులోకి జారిపోతారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్ ఇక్కడ మోసం చేస్తుంది. ఆక్సిజన్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌కు, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హీమోగ్లోబిన్‌కు అది తేడా కనిపెట్టలేదు. మనిషి ప్రాణాపాయంలో ఉన్నా 98, 99 చూపిస్తుంది. ఆ అంకె చూసి ధైర్యపడి మళ్ళీ పడుకోబెట్టకండి. అనుమానం రాగానే అందరినీ ఆరుబయటికి తీసుకురండి, ఆ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మామూలు గాలిలో రక్తంలోని ఈ విషం సగానికి తగ్గడానికి 4 నుంచి 5 గంటలు పడుతుంది. మాస్క్ ద్వారా పూర్తి ఆక్సిజన్ ఇస్తే సుమారు గంట, గంటన్నరలో తగ్గుతుంది. తేరుకున్నట్టే కనిపించినవాళ్ళలో కొందరికి కొన్ని వారాల తర్వాత మతిమరుపు, నడకలో తడబాటు రావచ్చు. అందుకే తలనొప్పి తగ్గింది కదా అని ఇంట్లో ఉండిపోకూడదు.

కిటికీ సందు ఏ మాత్రం తీస్తే సరిపోతుందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. గాలి ఎటు వీస్తుందో, గది ఎంతుందో, ఎన్ని బొగ్గులు ఉన్నాయో, అన్నిటినీ బట్టి మారుతుంది. కాబట్టి నా సలహా సూటిగా ఇదే: ఇంటి లోపల బొగ్గుల కుంపటి వద్దు. గది వెచ్చబడాలని వంటగ్యాస్ స్టవ్ వెలిగించి వదలొద్దు. జనరేటర్ ఇంట్లోనో, కిటికీ పక్కనో పెట్టొద్దు. గొట్టం ద్వారా పొగ బయటికి పోయే పొయ్యి ఉంటే ఏటా చలికాలానికి ముందు ఆ గొట్టం శుభ్రం చేయించండి. ఇంట్లో మండేది ఏదున్నా పడకగదుల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించండి.

అపోహ: కరెంటు హీటర్ గదిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. అందుకే పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టాలి.

కరెంటు హీటర్‌లో ఏదీ మండదు. మండకపోతే ఆక్సిజన్ ఖర్చు కాదు. తీగ వేడెక్కుతుంది, అంతే. గ్యాస్, కిరోసిన్ హీటర్ల విషయంలో ఈ భయం న్యాయమే. అవి ఆక్సిజన్ వాడుకుంటాయి, కార్బన్ మోనాక్సైడ్ కూడా వదలగలవు.

మరి గొంతు ఎండిపోవడం, ముక్కు పొడిబారడం ఎందుకు? గాలి వేడెక్కినకొద్దీ ఎక్కువ తేమ పట్టుకోగలదు. 5 డిగ్రీల చల్లగాలి ఒక ఘనపు మీటరుకు దాదాపు 7 గ్రాముల నీటి ఆవిరిని మాత్రమే పట్టుకుంటుంది. 20 డిగ్రీల గాలి సుమారు 17 గ్రాములు పట్టుకుంటుంది. బయటి గాలి పూర్తి తేమతో ఉన్నా సరే, దాన్ని లోపల 20 డిగ్రీలకు వేడిచేస్తే తేమ 40 శాతానికి పడిపోతుంది. తేమ ఎక్కడికీ పోలేదు, గాలి దాహం పెరిగింది. గిన్నెలో నీళ్ళు ఆక్సిజన్ ఇవ్వవు, తేమ కొద్దిగా ఇస్తాయి. పెట్టుకుంటే పెట్టుకోండి, కానీ పిల్లలు తన్నేసేలా హీటర్ పక్కన వద్దు. పెదవులకు, చర్మానికి కాస్త వ్యాజలిన్ రాసుకుంటే అంతకంటే ఎక్కువ సుఖం.

అపోహ: ఆయిల్ హీటర్ అదే కరెంటుతో ఎక్కువ వేడి ఇస్తుంది.

1,500 వాట్ల రాడ్ హీటర్, 1,500 వాట్ల ఫ్యాన్ హీటర్, 1,500 వాట్ల ఆయిల్ హీటర్, మూడూ ఇచ్చే వేడి ఒకటే. తేడా ఆ వేడి మనదాకా చేరే తీరులో ఉంది. రాడ్ హీటర్ ఎదురుగా ఉన్న మనిషిని వెంటనే వెచ్చబరుస్తుంది, గదిని కాదు. ఫ్యాన్ హీటర్ చిన్న గది గాలిని త్వరగా వేడిచేస్తుంది. ఆయిల్ హీటర్ నెమ్మదిగా వేడెక్కి, ఆపేశాక కూడా కాసేపు వెచ్చగా ఉంటుంది. కాసేపే కూర్చుంటే రాడ్, రాత్రంతా గదిలో ఉంటే ఆయిల్ అని ఎంచుకోవడంలో అర్థముంది. నిజంగా తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి ఇచ్చేది హీట్ పంప్. వేడి ఇచ్చే సదుపాయం ఉన్న ఏసీ కూడా అదే. అది బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది కాబట్టి, ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇవ్వగలదు.

ఏ హీటరైనా కర్టెన్లకు, పరుపుకు, బట్టలకు కనీసం ఒక మీటరు దూరంలో ఉండాలి. ప్లగ్ నేరుగా గోడ సాకెట్‌లోనే. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు తగిలిస్తే అది వేడెక్కి కరిగి అంటుకోవచ్చు.

ఇంటర్నెట్‌లో తిరిగే పూలకుండీ హీటర్ గురించి కూడా అడుగుతున్నారు, నాలుగు కొవ్వొత్తుల మీద మట్టికుండీ బోర్లించేది. చిన్న టీ లైట్ కొవ్వొత్తి ఇచ్చే వేడి 30, 40 వాట్లు. కుండీ పెట్టినా అంతే, తీసినా అంతే. మీ పక్కన ఇంకో మనిషి వచ్చి కూర్చుంటే రెండు కొవ్వొత్తుల కంటే ఎక్కువ వేడి. ఆ కొవ్వొత్తుల మైనం అతిగా వేడెక్కి భగ్గున అంటుకున్న సందర్భాలున్నాయి. వద్దు.

అపోహ: ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుంది.

ఇది అమెరికా సైన్యం 1970లో వేసిన ఒక మాన్యువల్‌లో 40 నుంచి 45 శాతం అని రాసినప్పటి నుంచి బాగా పాకింది. పెద్దవాళ్ళలో తల ద్వారా పోయేది దాని వైశాల్యానికి తగ్గట్టు సుమారు 7 నుంచి 10 శాతమే. ఒళ్ళంతా కప్పి తల ఒక్కటి వదిలేస్తే వేడి అక్కణ్ణుంచి పోక ఏం చేస్తుంది? టోపీ పెట్టుకోండి, మంచిదే. టోపీ పెట్టుకున్నాను కదా అని నడుము, ఛాతీ గాలికి వదలకండి.

బట్టల్లో వెచ్చగా ఉంచేది వాటి మధ్య నిలిచిన గాలి. ఒక మందపాటి కోటు కంటే వదులుగా ఉండే రెండు మూడు పొరలు మేలు. పాదాలు చల్లగా ఉన్నాయని రెండు జతల సాక్సులు బిగించి వేసుకుంటే రక్తప్రసరణ తగ్గుతుంది, లోపలి గాలీ నలిగిపోతుంది, పాదాలు ఇంకా చల్లబడతాయి. చెమటకు తడిసిన సాక్సులు పడుకునే ముందు మార్చండి.

అపోహ: చర్మానికి ఎంత దగ్గరగా వేడి పెడితే అంత మంచిది.

చర్మం కాలడానికి మరిగే నీళ్ళే అక్కర్లేదు. 45 డిగ్రీల దగ్గర వేడి గంటల తరబడి ఒకేచోట తగిలినా లోపలి దాకా కాలుతుంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు అది తెలియనే తెలియదు. పొద్దున లేచి చూస్తే పెద్ద బొబ్బ, ఆ తర్వాత నెలల తరబడి మానని పుండు. షుగర్ ఉన్నవాళ్ళు హాట్ వాటర్ బ్యాగ్‌ను పడుకునే ముందు పరుపు వెచ్చబడటానికి వాడుకుని, పడుకునేటప్పుడు తీసేయాలి.

రోజూ హీటర్‌కు కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళ పిక్కల మీద వల అల్లినట్టు గోధుమరంగు గీతలు వస్తాయి. నొప్పి ఉండదు, ఎర్రగా మొదలై నల్లబడతాయి. రక్తం చెడిందని మందులు వాడేవాళ్ళను చూశాను. మందు అక్కర్లేదు, వేడిని దూరం జరిపితే చాలు, మొదట్లోనైతే నెమ్మదిగా పోతాయి. ఏళ్ళ తరబడి ఉన్న మచ్చ మీద పుండు పడితే మాత్రం డాక్టర్‌కు చూపించాలి. అలాంటి చోట అరుదుగా చర్మ క్యాన్సర్ రావచ్చు.

అపోహ: పసిపిల్లలకు ఎన్ని దుప్పట్లు కప్పితే అంత క్షేమం.

ఏడాది లోపు పిల్లలకు అతి వేడి కూడా ప్రమాదమే. నిద్రలో హఠాత్తుగా చనిపోయే ముప్పు దానివల్ల పెరుగుతుంది. వదులు దుప్పట్లు ముఖం మీదికి వస్తాయి. ఒంటికి అమరే బట్టలు ఒక పొర ఎక్కువ వేయండి, ఇంట్లో నిద్రపోయేటప్పుడు టోపీ తీసేయండి. చేతులు, పాదాలు చల్లగా ఉండటం మామూలే, వాటిని చూసి కంగారు పడొద్దు. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట ఉంటే ఒక పొర తగ్గించాలి.

అపోహ: ఇంట్లోనే ఉన్నారు కాబట్టి పెద్దవాళ్ళకు చలితో ఏమీ కాదు.

'నాకేం చలి లేదమ్మా' అని అమ్మో నాన్నో అన్న మాటను నమ్మి వదిలేయకండి. వయసు పెరిగేకొద్దీ చలిని గుర్తించే శక్తి తగ్గుతుంది, వణుకు తగ్గుతుంది, కండ తగ్గడంతో పుట్టే వేడీ తగ్గుతుంది. నిద్రమాత్రలు, థైరాయిడ్ లోపం దీన్ని ఇంకా పెంచుతాయి. చలికి రక్తనాళాలు ముడుచుకోవడంతో బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది. చల్లటి దేశాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. పెద్దవాళ్ళు ఉంటే ఇంకాస్త ఎక్కువే మేలు. వాళ్ళ గదిలో ఒక గోడ థర్మామీటర్ పెట్టండి, అంకె చూసి నిర్ణయించండి.

ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే హైపోథెర్మియా అంటాం. మామూలు గాజు థర్మామీటర్ 35 కంటే కింద చూపించదు కాబట్టి దాన్ని నమ్ముకుని ఉండకండి. మాట ముద్దగా రావడం, నడక తూలడం, బొత్తాలు పెట్టుకోలేకపోవడం, అడిగినదానికి పొంతన లేని జవాబులు, బట్టల లోపల పొట్ట మీద చెయ్యి పెడితే చల్లగా తగలడం, ఇవీ గుర్తులు. వణుకుతున్న మనిషి వణుకు ఆగిపోతే తగ్గిందనుకోవద్దు, ముదిరిందేమో అనుకోవాలి. వెంటనే అంబులెన్స్ పిలవండి. ఈలోగా తడి బట్టలు మార్చి, మెడ, ఛాతీ, పొట్ట ముందు కప్పండి. చేతులు కాళ్ళు గట్టిగా రుద్దొద్దు, వేడినీళ్ళ స్నానం చేయించొద్దు, మద్యం ఇవ్వొద్దు. బాగా స్పృహలో ఉండి మింగగలిగితేనే వెచ్చటి తీపి పానీయం కొంచెం కొంచెంగా పట్టించండి. మనిషిని కుదపకుండా పడుకోబెట్టి ఉంచండి. బాగా చల్లబడ్డ గుండె చిన్న కుదుపుకే లయ తప్పుతుంది.