‘ట్రాన్స్-ఆమ్ రేసింగ్ ’68-’72’: విడుదల కాని ఆట వెనుక ఉన్న అయిదేళ్లు

అమెరికన్ ప్రచురణ సంస్థ జీటీ ఇంటరాక్టివ్ 1990ల చివరలో ‘ట్రాన్స్-ఆమ్ రేసింగ్ ’68-’72’ అనే కంప్యూటర్ ఆటను ప్రకటించి, ఆ తర్వాత రద్దు చేసింది. దుకాణాల దాకా రాని ఆటలు ఎన్నో ఉన్నాయి. వాటిలో దీనిని ప్రత్యేకంగా గుర్తు చేసుకోవడానికి కారణం, అది ఎంచుకున్న ఆ అయిదేళ్ల కాలమే.

అమెరికాలో జరిగే ట్రాన్స్-ఆమ్ కారు రేసు పోటీలను స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా 1966లో ప్రారంభించింది. పెద్ద తరగతిలో ఇంజిన్ సామర్థ్యం అయిదు లీటర్లు మించకూడదు. పైగా ఆ కారు మామూలు కొనుగోలుదారులకు అమ్మే మోడల్ అయి ఉండాలి. ఈ నిబంధన వల్లనే షెవ్రొలే కామరో జెడ్28ను, ఫోర్డ్ మస్టాంగ్ బాస్ 302ను తయారుచేసి షోరూములలో అమ్మకానికి పెట్టాయి. రేసు గెలవడానికి పుట్టిన కారును ఎవరైనా కొనుక్కొని రోడ్డు మీద నడపగలిగిన ఆ పరిస్థితి మోటారు క్రీడల చరిత్రలో చాలా అరుదైనదని నా అభిప్రాయం.

1968, 1969 సీజన్లలో రోజర్ పెన్‌స్కీ జట్టు కామరోతో మార్క్ డొనహ్యూ షెవ్రొలేకు టైటిల్ సాధించి పెట్టాడు. 1970లో ఫోర్డ్, షెవ్రొలే, పాంటియాక్, డాడ్జ్, ప్లిమత్, ఏఎంసీ (అమెరికన్ మోటార్స్) కార్లన్నీ ఒకే బరిలో నిలిచాయి. బడ్ మూర్ సిద్ధం చేసిన మస్టాంగులలో పార్నెల్లి జోన్స్, జార్జ్ ఫాల్మర్ పోటీపడి ఫోర్డ్‌ను గెలిపించారు. అంతటి పోటీ మళ్లీ కనిపించలేదు. కంపెనీలు ఒక్కొక్కటిగా తప్పుకోగా, 1971, 1972లలో టైటిల్ ఏఎంసీ జావెలిన్‌కు దక్కింది.

ఇలాంటి కాలాన్ని తెర మీదికి తేవడంలో పేర్ల హక్కులు పెద్ద చిక్కు. 1998లో పపైరస్ సంస్థ 1967 నాటి ఫార్ములా వన్ సీజన్‌తో రూపొందించిన ‘గ్రాండ్ ప్రి లెజెండ్స్’లో హోండా, కూపర్ పేర్లను వాడుకొనే వీలు లేకపోవడంతో ఆ కార్లు మురసామా, కోవెంట్రీ అన్న కల్పిత పేర్లతో వచ్చాయి. దానికి విమర్శకుల మెప్పు దొరికినా అమ్మకాలు మాత్రం రాలేదు. పాత కార్ల ఆటకు డబ్బు పెట్టాలనుకునే ప్రచురణకర్తకు అది మంచి సూచన కాదు.

ట్రాకుల సంగతి ఇంకా బాధాకరం. 1970 సీజన్ చివరి పోటీ జరిగిన దక్షిణ కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ రేస్‌వే 1989లో మూతపడింది. ఇప్పుడు అక్కడ షాపింగ్ మాల్, ఇళ్లు ఉన్నాయి. ఆ మలుపులలో ఇక ఎవరూ కారు నడపలేరు కనుక, ఆ కాలాన్ని నిజాయితీగా చూపదలచిన ఏ ఆటకైనా పాత కొలతలు, ఫోటోలు, పోటీదారుల జ్ఞాపకాలే ఆధారం కావాలి. అవి తెలిసినవారు ఉండగానే ఆ పని జరగవలసింది.

ఈలోగా జీటీ ఇంటరాక్టివ్ నష్టాలలో కూరుకుపోయింది. 1999 డిసెంబరులో ఫ్రాన్స్‌కు చెందిన ఇన్ఫోగ్రామ్స్ దానిలో మెజారిటీ వాటా కొన్నది, మరుసటి ఏడాది సంస్థ పేరు కూడా మారింది. 2005లో స్వీడన్‌కు చెందిన సిమ్‌బిన్ ‘జీటీ లెజెండ్స్’ పేరుతో 1960, 1970 దశకాల కార్ల ఆటను విడుదల చేసింది. అయితే దానికి ఆధారం యూరప్‌లో నడిచే చారిత్రక కార్ల పోటీలే తప్ప అమెరికా ట్రాన్స్-ఆమ్ సీజన్లు కావు.