స్పోర్ట్స్ కారుకు బ్రేక్ డిస్కులు: అపోహలు - వాస్తవాలు

స్పోర్ట్స్ కార్ల బ్రేకులు చూడటం నా వృత్తి. పాత డిస్కులు అరిగిపోయి కొత్తవి కొనే సమయానికి చాలామంది ఏవి కావాలో ముందే తేల్చుకుని వస్తారు. ఎక్కువసార్లు ఆ ఎంపిక డిస్కు చూడటానికి ఎలా ఉందనేదాన్ని బట్టే ఉంటుంది. చక్రంతో పాటు తిరిగే పళ్లెం లాంటి ఈ డిస్కు పని మాత్రం ఒక్కటే: కారు వేగాన్ని వేడిగా మార్చి తనలో నింపుకోవడం, ఆ వేడిని గాలికి వదలడం. ఈ పని ఎంత బాగా చేస్తుందనేదే నాకు కొలమానం.

అపోహ: చిల్లులున్న డిస్కులు చల్లగా ఉంటాయి, రేసింగ్‌కు అవే సరైనవి.

చిన్న లెక్క వేద్దాం. 1500 కిలోల కారును గంటకు 100 కి.మీ. వేగం నుంచి ఆపితే సుమారు 580 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. అందులో 70 శాతం ముందు బ్రేకుల మీద పడి, ముందు డిస్కు ఒక్కోటి 10 కిలోలు ఉందనుకుంటే, ఒక్కసారి ఆపగానే డిస్కు దాదాపు 40 డిగ్రీలు వేడెక్కుతుంది. అదే 200 కి.మీ. నుంచి ఆపితే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. అంటే ఒకే ఒక్క బ్రేకుతో 160 డిగ్రీలు. ట్రాక్ మీద అది చల్లారేలోపే తర్వాతి మలుపు వచ్చేస్తుంది.

ఇంత వేడిని దాచుకోవడానికి కావలసింది లోహం. చిల్లు పెట్టిన ప్రతిచోటా ఆ లోహం తగ్గుతుంది. పైగా వేడెక్కి చల్లారే ప్రతిసారీ ఒత్తిడంతా చిల్లు అంచుల దగ్గరే చేరుతుంది, పగుళ్లు మొదలయ్యేదీ అక్కడే. అసలు ఈ చిల్లులు వచ్చిందే పాతకాలం ప్యాడ్లు (బ్రేకు వేస్తే డిస్కును రెండు వైపులా నొక్కే పలకలు) వేడికి వదిలే వాయువులు బయటికి పోవడానికి. ఇప్పటి ప్యాడ్లలో ఆ సమస్య చాలా తక్కువ. వాన నీరు తొందరగా తొలగడం, బరువు కొంచెం తగ్గడం లాంటి లాభాలు లేకపోలేదు. రోడ్డు మీద మాత్రమే తిరిగే కారుకు, మంచి తయారీ అయితే, వాడుకోవచ్చు. ట్రాక్‌కు వెళ్లేవాళ్లకు మాత్రం నేను సాదా డిస్కో, పైన గాడులు చెక్కిన స్లాటెడ్ డిస్కో సూచిస్తాను. ఆ గాడులు ప్యాడ్ ముఖాన్ని గీకి శుభ్రంగా ఉంచుతాయి. ప్యాడ్ కాస్త త్వరగా అరుగుతుంది, కొంచెం చప్పుడూ ఉంటుంది.

ఒక చిల్లు నుంచి ఇంకో చిల్లుకు పగులు కలిసినా, అంచు దాకా పాకినా, ఆ డిస్కును ఆ రోజే తీసేయండి.

అపోహ: బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతోంది, అంటే డిస్కు వంగిపోయింది.

నిజంగా వంగిన డిస్కు అరుదు. ఎక్కువగా కనిపించేది మందంలో తేడా. 0.02 మి.మీ. తేడా వచ్చినా చేతికి తెలిసిపోతుంది. దీనికి ఒక కారణం ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఎగుడుదిగుడుగా అంటుకోవడం. బాగా కాలిన బ్రేకులతో కారు ఆపి పెడల్ మీద కాలు అలాగే ఉంచితే, ప్యాడ్ ఉన్నచోట మచ్చ పడుతుంది. వేడి 650-700 డిగ్రీల దరిదాపులకు చేరితే ఆ మచ్చ కింద ఇనుము కూడా మారి, సిమెంటైట్ అనే గట్టి పదార్థం ఏర్పడుతుంది. అది లోపలికి దిగుతుంది కాబట్టి లేత్ మీద పైపొర తీసినా కొన్నాళ్లకు వణుకు మళ్లీ వస్తుంది.

రెండో కారణం హబ్ మీద, అంటే డిస్కును బిగించే చక్రం మధ్యభాగం మీద, తుప్పు. దానిమీద డిస్కు బిగిస్తే అతి సన్నగా ఊగుతుంది, బ్రేకు వేయకపోయినా ప్రతి చుట్టులో ఒకేచోట ప్యాడ్‌కు రాసుకుంటుంది. కొన్ని వేల కిలోమీటర్లకు మందం తేడా వచ్చి వణుకు మొదలవుతుంది. హబ్ శుభ్రం చేయకుండా ఎంత ఖరీదైన డిస్కు వేసినా ఇదే కథ. దయచేసి బిగించాక డయల్ గేజ్ అనే కొలత పరికరంతో డిస్కు ఎంత ఊగుతోందో కొలవమని మెకానిక్‌ను అడగండి.

అపోహ: పెద్ద డిస్కు వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుంది.

చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ను ఇప్పుడున్న బ్రేకులే పనిచేయించగలుగుతున్నాయంటే, కారు ఆగే దూరాన్ని నిర్ణయిస్తున్నది టైరు పట్టు. పెద్ద డిస్కు లాభం వేడి పేరుకున్నాక, పదోసారి బ్రేకు వేసినప్పుడు తెలుస్తుంది, మొదటిసారి కాదు. ముందు డిస్కులు మాత్రమే పెంచితే ముందు, వెనుక బ్రేకుల సమతూకం కూడా మారుతుంది. పెడల్ మెత్తబడి లోపలికి పోతోందని డిస్కులు మార్చాలనుకునేవాళ్లు ముందు బ్రేక్ ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని బ్రేకులకు చేరవేసే ద్రవం) మార్చండి. తేమ పీల్చిన ఫ్లూయిడ్ తక్కువ వేడికే మరిగిపోతుంది.

అపోహ: డిస్కు మీది గాడుల వాలు చూసి కుడి ఎడమలు బిగించాలి.

చూడాల్సింది డిస్కు రెండు ముఖాల మధ్య గాలి ఆడేందుకు ఉండే లోపలి రెక్కలను. వంపు తిరిగిన రెక్కలున్న డిస్కులో అవి మధ్య నుంచి అంచుకు వెళ్తూ, తిరిగే దిశకు వెనక్కి వాలాలి. అప్పుడే గాలిని మధ్యలోంచి లాగి బయటికి నెడతాయి. తలకిందులైతే ఆ గాలి తగ్గిపోతుంది. రెక్కలు తిన్నగా ఉంటే ఏ వైపైనా పర్వాలేదు.

అపోహ: కార్బన్ సిరామిక్ డిస్కులు చల్లగా ఉంటే పనిచేయవు.

ఆ గుణం ఫార్ములా వన్‌లో వాడే కార్బన్-కార్బన్ డిస్కులది. రోడ్డు కార్ల సిరామిక్ వేరు, చల్లగా ఉన్నా ఆపుతుంది. బరువు ఇనుప డిస్కులో దాదాపు సగం. అయితే తరచూ ట్రాక్‌కు వెళ్తే ఆ వేడికి లోపలి కార్బన్ కాలిపోతూ బరువు తగ్గుతుంది. అందుకే దీని ఆయుష్షును మందంతో పాటు బరువుతోనూ చూస్తారు. రాయి తగిలి అంచు పెచ్చు ఊడినా పెద్ద ఖర్చే. ట్రాక్ మోజు ఉన్నవాళ్లకు అల్యూమినియం మధ్యభాగం, ఇనుప వలయం ఉన్న రెండు ముక్కల డిస్కులు మేలు. వలయం వేడికి స్వేచ్ఛగా వ్యాకోచిస్తుంది, అరిగితే వలయం ఒక్కటే మార్చుకోవచ్చు.

ఏ రకం కొన్నా ఒక ఇరుసుకు రెండు డిస్కులూ కలిపి, కొత్త ప్యాడ్లతో మార్చండి. ఇనుప డిస్కుల మీద నూనె పూత ఉంటే బ్రేక్ క్లీనర్‌తో తుడవండి. తర్వాత ఖాళీ రోడ్డు మీద, పూర్తిగా ఆపకుండా, వేగం పెంచుతూ తగ్గిస్తూ ప్యాడ్ తయారీదారు చెప్పిన పద్ధతిలో వాటిని ఒకదానికొకటి అలవాటు చేయండి. చల్లారేవరకు హ్యాండ్‌బ్రేక్ వేయకండి.