పసిబిడ్డకు బొంత: అపోహలు - వాస్తవాలు

గుంటూరు జిల్లాలో మా అమ్మమ్మ వేసవి మధ్యాహ్నాల్లో వసారాలో చాప పరిచి, పాత నేత చీరల పొరల మీద వరుసలు వేస్తుంటే, పక్కన కూర్చుని సూదికి దారం ఎక్కించి ఇవ్వడంతో నా పని మొదలైంది. ఇప్పుడు 20 ఏళ్ళకు పైగా సీమంతాలకు, బారసాలలకు బొంతలు కుట్టి ఇస్తున్నాను. కుట్టించుకోవడానికి వచ్చేవారు చీరలతో పాటు కొన్ని నమ్మకాలను కూడా తీసుకువస్తారు. వాటిలో కొన్నింటి వల్ల బొంత పాడవుతుంది, కొన్నింటి వల్ల బిడ్డకే ప్రమాదం ఉంటుంది. బొంత అందం పైకి కనిపించే ముక్కల్లో ఉన్నా, దాని ఆయుష్షు మాత్రం కుట్టడానికి ముందు చేసే తయారీలోనూ, చివర వేసే అంచులోనూ ఉంటుందని నా అనుభవం.

అపోహ: పాత చీర ఏదైనా బొంతకు పనికొస్తుంది.

పనికిరాదు. బొంతకు కావలసింది వాడగా వాడగా మెత్తబడిన నూలు చీరే కాని, చివికిపోయిన చీర కాదు. ఈ రెండింటికీ తేడా కంటికి వెంటనే తెలియదు కాబట్టి, ప్రతి చీరనూ మడత విప్పి కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూస్తాను. నేత పలచబడిన చోట వెలుతురు మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. ఎక్కువగా అది పాదాల దగ్గర ఒరుసుకునే కుచ్చెళ్ళ కింది భాగంలోనూ, భుజం మీద పిన్ను గుచ్చే చోటా ఉంటుంది. తరువాత గుడ్డను రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య బిగించి పడుగు (నిలువు పోగుల) వైపు ఒకసారి, పేక (అడ్డ పోగుల) వైపు ఒకసారి లాగుతాను. పటపటమని సన్నని చప్పుడు వినిపిస్తే ఆ ముక్క పైపొరకే కాదు, లోపలి పొరకు కూడా పనికిరాదు, ఎందుకంటే గుడ్డలో సత్తువ లేనప్పుడు దారం ఎంత గట్టిదైనా సూది దిగిన చోటే చిరుగు మొదలవుతుంది. అయిదున్నర మీటర్ల చీరలో ఒక్కోసారి పనికొచ్చేది 3 మీటర్లే అయినా, పసిబిడ్డ బొంతకు అది ధారాళంగా సరిపోతుంది.

నూలు చీరో కాదో తెలియకపోతే, కొంగు చివర నుంచి రెండు పోగులు లాగి వెలిగించి చూడాలి. నూలు పోగు కాగితంలా కాలి బూడిద అవుతుంది, పాలిస్టరు కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. పాలిస్టరు చెమటను పీల్చదు. పైగా నూలుతో కలిపి కుట్టినప్పుడు ఉతుకులో నూలు కుంచించుకుపోయి అది అలాగే ఉండిపోతుంది కాబట్టి బొంతంతా ముడతలు పడుతుంది. జరీ గురించి కూడా చెప్పాలి. మంగళగిరి, నారాయణపేట చీరల అంచు మీద ఎంత మమకారం ఉన్నా, బిడ్డ చెంప ఆనే వస్తువు మీద జరీ ఉంచకూడదు. ఆ అంచును విడిగా కత్తిరించి అమ్మకే జ్ఞాపకంగా దాచి పెట్టమంటాను.

అపోహ: పురిటి బిడ్డకు కొత్త గుడ్డ తగలకూడదు, కాబట్టి కొత్త గుడ్డతో బొంత కుట్టనే కూడదు.

ఇందులో సగం నిజముంది. మిల్లు నుంచి వచ్చిన కొత్త గుడ్డకు గంజి, మెరుపు కోసం పూసిన పదార్థాలు ఉంటాయి. నలగకుండా ఉండేందుకు వాడే కొన్ని పూతల్లో ఫార్మాల్డిహైడ్ కూడా ఉంటుంది. అవి పోయేలా రెండు మూడు సార్లు ఉతికి ఎండబెట్టిన కొత్త నూలు గుడ్డ బిడ్డకు నిరపాయమే. ఉతికితే మెరుపు పోయి బహుమతి పాతదానిలా కనిపిస్తుందని బాధపడేవారికి ఒక లెక్క చెబుతాను. నూలు గుడ్డ మొదటి ఉతుకులో మామూలుగా నూటికి 3 నుంచి 5 వంతులు కుంచించుకుపోతుంది. అంటే ఉతకకుండా కుట్టిన 45 అంగుళాల బొంత ఆ తల్లి చేతిలో మొదటిసారి తడిసినప్పుడు సుమారు రెండు అంగుళాల దాకా తగ్గవచ్చు. అన్ని ముక్కలూ ఒకేలా తగ్గవు కాబట్టి అతుకులన్నీ లాగేసుకుంటాయి.

అపోహ: రాళ్ళ ఉప్పు నీళ్ళలో రాత్రంతా నానబెడితే రంగు దిగదు.

ఈ మాటను నేను కూడా చాలా ఏళ్ళు నమ్మాను. మా అక్క కూతురికి కాన్పు అయినప్పుడు తెల్లటి పలచని మల్లు నూలు గుడ్డ, కుంకుమ రంగు నేత గుడ్డ పక్కపక్కన పేర్చి ఒక బొంత కుట్టాను. ఎర్ర గుడ్డను ముందుగా ఉప్పు నీళ్ళలో నానబెట్టి, ఒక్కసారి జాడించి, ఇక భయం లేదనుకున్నాను. రెండు వారాల తరువాత చూసేసరికి ప్రతి తెల్ల గడిలోనూ ఎర్ర ముక్కను ఆనుకున్న వైపు వేలెడు వెడల్పున గులాబీ మరక పాకి ఉంది. కుట్టిన చోట నీరు నిలిచి ఆలస్యంగా ఆరుతుంది కాబట్టి రంగు సరిగ్గా అక్కడే దిగింది. నెల రోజుల చేతి పని అది. అక్క ఏమీ అనలేదు కాని, ఆ గడులు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉన్నాయి.

ఉప్పుకు అద్దకంలో స్థానం ఉంది. రంగు తొట్టిలో ఉప్పు వేస్తే నీటిలోని రంగు పోగు వైపు చేరుతుంది. ఇప్పుడు నూలుకు ఎక్కువగా వాడే రసాయన రంగులను పోగుకు పట్టించేది మాత్రం సోడా వంటి క్షారం. అలా పట్టగా మిగిలిన రంగును వేడినీళ్ళతో, సబ్బుతో కడిగేయవలసిందే తప్ప, ఇంటికి వచ్చాక ఉప్పు వేసినా వెనిగర్ వేసినా అది గుడ్డకు అతుక్కోదు. పటిక సంగతీ ఇంతే. పెడన కలంకారీలో పటిక పనిచేస్తుందంటే, కరక్కాయ పట్టించిన గుడ్డకు రంగులో ఉడికించక ముందే దానిని అద్దుతారు కాబట్టి. రంగు వేయడం పూర్తయిన గుడ్డ మీద పటిక చల్లితే ఆ ఫలితం రాదు.

చేయవలసిన పరీక్ష చాలా తేలిక. ముదురు రంగు గుడ్డలో చిన్న ముక్కను గోరువెచ్చని సబ్బునీటిలో ముంచి, తడి తెల్లగుడ్డ మీద పరిచి, పైన బరువు పెట్టి అరగంట ఉంచాలి. తెల్లగుడ్డకు రంగు అంటితే, నీళ్ళు తేటగా వచ్చే వరకు ఆ గుడ్డను విడిగా ఉతకాలి. నాలుగు ఉతుకులకు కూడా తేటపడని గుడ్డను నేను బొంతలో కలపను.

అపోహ: ఎంత దూది నింపితే అంత వెచ్చన.

వెచ్చదనాన్ని ఇచ్చేది పొరల మధ్య చిక్కుకున్న గాలి, దూది బరువు కాదు. మందపాటి బొంత తడిస్తే మోయలేము, వానాకాలంలో లోపలి దాకా ఆరదు, ఆరని దూదికి బూజు పడుతుంది. పసిబిడ్డ బొంతకు మూడు నాలుగు పొరల మెత్తటి నూలు గుడ్డ చాలు. దూది కావాలనుకుంటే షీటుగా దొరికే నూలు దూదిని వాడుకోవచ్చు. ఆ షీటు మీద కుట్టు వరుసల మధ్య ఎంత దూరం ఉండవచ్చో తయారీదారు రాస్తాడు, దానిని తప్పకుండా చదవాలి. ఏకిన విడి దూదిని పరిచి కుట్టేటప్పుడు మాత్రం వరుసలు రెండు అంగుళాలకు మించి ఎడం ఉండకూడదు, ఉంటే నాలుగు ఉతుకులకే దూది జారి ఒక మూలకు చేరుతుంది. బూరుగు దూది దిండుకు బాగుంటుంది కాని దాని పోగులు నున్నగా జారిపోతూ ఒకదానినొకటి పట్టుకోవు కాబట్టి తరచుగా ఉతికే బొంతకు పనికిరాదు.

అపోహ: చేతి కుట్టు నిలవదు, మెషిన్ కుట్టే గట్టిది.

మెషిన్ కుట్టులో రెండు దారాలు పెనవేసుకుంటాయి, చేతి పరుగు కుట్టులో ఒకటే దారం ఉంటుంది, అందువల్ల ఈ మాట పుట్టింది. మా అమ్మమ్మ బొంతల్లో గుడ్డ చివికిపోయాక కూడా దారం అలాగే ఉండేది. చేతి కుట్టు ఊడిందంటే, మొదలు, చివర సరిగ్గా కట్టలేదన్నమాట. ముడి వేసి ఊరుకోకుండా, దానిని పైపొరలో నుంచి సున్నితంగా లోపలికి లాగి దాచి, రెండు వెనక కుట్లు వేసి, దారం కొసను పొరల మధ్య అంగుళం దూరం నడిపించి తెంపాలి. పసిబిడ్డ బొంతలో ఒక్కో కుట్టు పావు అంగుళానికి మించకూడదు. ఈ విషయంలో నేను చాలా పట్టుగా ఉంటాను, ఎందుకంటే ఊడి వేలాడే దారప్పోగు బిడ్డ కాలివేలికి చుట్టుకుని బిగిసి, రక్తం ఆడక వేలు వాచిపోవడం పిల్లల వైద్యులు ఎరిగిన ప్రమాదమే. పాలిస్టరు దారం నూలు గుడ్డను కోసేస్తుందన్న మాట కూడా వినిపిస్తుంటుంది. గుడ్డను కోసేది దారం జాతి కాదు, అతిగా బిగించిన కుట్టు. చేతి పనికి 40 నంబరు నూలు దారం నాకు అలవాటు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుందన్నది కొత్తవారు గుర్తుంచుకోవాలి.

అపోహ: అంచు పట్టీకి క్రాస్ పీసే కావాలి.

వంపు తిరిగిన అంచుకు క్రాస్ పీస్, అంటే ఏటవాలుగా కత్తిరించిన పట్టీ, తప్పదు, తిన్నని అంచుకు నేరుగా కత్తిరించిన పట్టీ చక్కగా సరిపోతుంది. క్రాస్ పీస్‌కు ఉన్న అసలు లాభం మన్నిక. నేరుగా కత్తిరించిన పట్టీ మడత మీద ఒకే పోగు అంచు పొడవునా నడుస్తుంది, ఆ పోగు అరిగిందంటే మడత పొడవునా చీలుతుంది. ఏటవాలుగా కత్తిరించినప్పుడు మడతను అనేక పోగులు అడ్డంగా దాటుతాయి కాబట్టి ఒకటి తెగినా పక్కవి కాపాడతాయి. రోజూ నేల మీద పరిచే బొంతకు నేను క్రాస్ పీస్ వేస్తాను, అప్పుడప్పుడూ వాడేదానికి నేరు పట్టీనే వేస్తాను.

36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు ఉన్న బొంత చుట్టుకొలత 162 అంగుళాలు. మూలలకు, అతుకుకు మరో 12 కలిపితే 174 కావాలి. 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డలో రెండున్నర అంగుళాల వెడల్పు నేరు పట్టీలు అయిదు తీసి, వాటిని ఏటవాలు అతుకులతో కలిపి, పొడవునా మధ్యకు మడిచి ఇస్త్రీ చేసుకోవాలి. అతుకు ఏటవాలుగా ఉంటే అక్కడి మందం ఒకే చోట గుట్టపడదు. మూలకు వచ్చేసరికి పావు అంగుళం ముందే కుట్టు ఆపి, పట్టీని పైకి మడిచి, మళ్ళీ కిందికి దించి, రెండో వైపు కుట్టు మొదలుపెట్టాలి. ఆ చిన్న మడతే వెనక్కి తిప్పినప్పుడు ఫొటో ఫ్రేము మూలలా తీరుగా కూర్చుంటుంది. వెనుక వైపు చేతితోనే ముగిస్తాను. తొందరపడి మూలను గుండ్రంగా లాగేసిన బొంతలు మరమ్మతుకు నా దగ్గరకు చాలా వస్తుంటాయి, అవన్నీ మూలల దగ్గరే చిరిగి ఉంటాయి.

అపోహ: బొంత పేదవాళ్ళ వస్తువు, బహుమతిగా ఇస్తే చిన్నతనం.

బెంగాల్ కాంథా, బీహార్ సుజనీ పాత గుడ్డల పొరల మీద పుట్టిన కళలే. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ మహిళలు అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరేలా కవంది అనే బొంత కుడతారు. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి మహిళలు పొలం పనికి వాడిన పాత బట్టలతో కుట్టిన బొంతలను 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలో ప్రదర్శించారు, 2006లో అక్కడి తపాలా శాఖ వాటి మీద స్టాంపులు కూడా తెచ్చింది. బామ్మ చీర, అమ్మమ్మ చీర, తల్లి సీమంతం చీర ఒకే బొంతలో కలిసిన బహుమతికి తక్కువేముంది?

అపోహ: బిడ్డ నిద్రపోయేటప్పుడు బొంత కప్పాలి, లేకపోతే చలి చేస్తుంది.

నేను చెప్పదలచిన వాటన్నింటిలో ముఖ్యమైనది ఇదే. ఏడాది నిండని బిడ్డ నిద్రపోయే చోట బొంత, దుప్పటి, దిండు, మెత్తటి బొమ్మలు ఏవీ ఉండకూడదు. బిడ్డను గట్టిగా, సమతలంగా ఉన్న పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఎంతో కాలంగా చెబుతున్న ఈ సూచనను 2022లో వెలువరించిన మార్గదర్శకాల్లో కూడా నొక్కి చెప్పింది. ముఖం మీదికి జారిన బొంతను తొలగించుకునే శక్తి పసిబిడ్డకు ఉండదు. ఒంటి వేడి ఎక్కువైనా ప్రమాదమే, మన ఎండల్లో ఆ ప్రమాదం మరింత దగ్గరగా ఉంటుంది. మెత్తగా ఉంటుందని బొంతను మడిచి బిడ్డ కింద వేయడం కూడా సరికాదు, బిడ్డ బోర్లా తిరిగినప్పుడు ముక్కు ఆ మెత్తదనంలో కూరుకుపోవచ్చు.

అమెరికాలో కూతురికి పురుడు పోయడానికి వెళుతూ నా దగ్గర బొంత కుట్టించుకున్న అమ్మలు, అక్కడి నర్సు దానిని తొట్టిలో వేయనివ్వలేదని నొచ్చుకుని ఫోన్ చేస్తుంటారు. ఆ నర్సు మన ఆచారాన్ని చిన్నచూపు చూడలేదని, బిడ్డ కోసమే అలా చెప్పిందని వారికి వివరిస్తాను. మన పెద్దలు కప్పలేదా అని కూడా అడుగుతారు. కప్పారు, కాని ఆ రోజుల్లో నిద్రలోనే పోయిన పసిబిడ్డల లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. బొంతకు పని లేకుండా పోదు. మెలకువగా ఉన్న బిడ్డను పెద్దవారి కళ్ళ ముందు నేల మీద బొంత పరిచి కాసేపు బోర్లా ఆడించవచ్చు, ఒడిలో పడుకోబెట్టుకున్నప్పుడు కింద వేసుకోవచ్చు, ఏడాది దాటాక పలచగా కప్పనూవచ్చు.

ఇదే కారణంగా గుండీలు, పూసలు, అద్దాలు, చెమ్కీలు, మువ్వలు పెట్టమంటే పెట్టను. బిడ్డ చేతికి అందినదల్లా నోట్లోకే వెళుతుంది. రంగు ముక్కలతో, దారం పనితో కావలసినంత అందం తేవచ్చు. కుట్టే ముందు సూదులు, గుండుసూదులు లెక్కపెట్టి డబ్బాలో పెట్టి, ముగించాక మళ్ళీ లెక్కపెడతాను. చివరగా బొంతంతా ఒక అయస్కాంతాన్ని మెల్లగా జరుపుతాను.

అపోహ: బీరువాలో కలరా ఉండలు వేస్తే బొంత భద్రంగా ఉంటుంది.

చిమటలు తినేది ఉన్నిని, పట్టును, నూలును కాదు. నూలు బొంతకు పురుగు పట్టిందంటే ఎక్కువగా గుడ్డలో మిగిలిన గంజికి ఆశపడి వచ్చిన సిల్వర్ ఫిష్ పురుగే. అందువల్ల గంజి లేకుండా ఉతికి, పూర్తిగా ఎండబెట్టి దాస్తే కలరా ఉండల అవసరమే ఉండదు. అవి బిడ్డకు చేసే హాని గురించి చాలామందికి తెలియదు. వాటిలోని నాఫ్తలీన్ శ్వాస ద్వారా, చర్మం ద్వారా ఒంట్లోకి చేరుతుంది. జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన బిడ్డల్లో అది ఎర్ర రక్తకణాలను పగలగొట్టి కామెర్లను ప్రమాదకర స్థాయికి తీసుకువెళ్ళగలదు. ఆ లోపం మగబిడ్డల్లో ఎక్కువగా కనిపిస్తుంది, పుట్టిన వెంటనే తల్లిదండ్రులకు తెలియకపోవచ్చు. పెట్టెలో కలరా ఉండలతో దాచిన చీరలు తెచ్చి, రేపే కుట్టి ఇవ్వమంటే నేను ఒప్పుకోను. ముందు వాటిని ఉతికించి, రోజుల తరబడి గాలికి ఆరబెట్టించి, వాసన ఏమాత్రం ఉన్నా వేరే చీరలు తెమ్మంటాను.

బొంతను ప్లాస్టిక్ కవరులో కాకుండా పాత నూలు పంచెలో చుట్టి పెట్టాలి. ఆరు నెలలకొకసారి తీసి, కాసేపు నీడలో ఆరవేసి, మడతలు వేరే చోట పడేలా మడిచి పెట్టాలి. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే పోగులు అక్కడే విరుగుతాయి.