మూసీ వరద: గేట్లకు పైన, గేట్లకు కింద

హైదరాబాద్‌లో మూసీ పొంగిందంటే నింద ముందు జంట జలాశయాలైన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్ల మీదే పడుతుంది. 2025 సెప్టెంబరు చివర ఎంజీబీఎస్ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చినప్పుడూ అంతే. ఆ నిందలో సగమే నిజం.

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీలో ఈసీ నది కలిసేది బాపూఘాట్ దగ్గర. రెండింటి వరదా ఒకేసారి వస్తే పడేది నగరం నెత్తినే. 1908 సెప్టెంబరు 28న జరిగింది అదే. మరుసటేడు వచ్చిన ఇంజనీరు విశ్వేశ్వరయ్య ముందుగా పైనున్న చెరువుల లెక్క తీశారు: 788లో 221 తెగాయి. గొలుసుకట్టులో పైచెరువు తెగితే ఆ నీరంతా ఒక్కసారిగా కిందిచెరువులోకి దిగుతుంది. మిగులు నీరు పోయే మత్తడి చాలదు, నీరు కట్ట మీదుగా పొర్లుతుంది, మట్టికట్ట కోసుకుపోతుంది. అక్కడి నుంచి వరుసగా అన్నీ.

ఆయన సలహాతో మూసీపై ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీపై హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. వరదను పట్టి, మెల్లగా వదలడానికి కట్టినవే తాగునీటికీ ఆధారమయ్యాయి. చిక్కంతా ఇక్కడే. వరద ఆగాలంటే చెరువులో ఖాళీ ఉండాలి, తాగునీటికి నిండుగా ఉండాలి. ఒక టీఎంసీ ఖాళీ ఉంటే 11,574 క్యూసెక్కుల వరదను ఒక రోజంతా పట్టి ఉంచవచ్చు. ఉస్మాన్‌సాగర్ మొత్తం 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్ 2.97. సెప్టెంబరుకల్లా వాటిని నిండు మట్టాలైన 1,790 అడుగులకూ, 1,763.5 అడుగులకూ నింపి కూర్చుంటే, తర్వాత వచ్చిన వరదను వచ్చినట్టే కిందికి వదలడం తప్ప దారి లేదు.

గేట్లకు కింద పడే వానను మాత్రం ఏ ఆనకట్టా ఆపదు. అది నాలాల గుండా నేరుగా నదిలోకి రావాలి. నది మట్టం పెరిగితే నాలా నోరు మూసుకుపోయి నీరు బస్తీల్లోకి వెనక్కి తంతుంది. 2020 అక్టోబరులో పాతబస్తీ వైపు పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి ఇళ్లు మునిగినప్పుడు గేట్ల ప్రసక్తే లేదు.

ఇక పైభాగం. 1996 నాటి 111 జీవో జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, కాలుష్య పరిశ్రమలనూ పెద్ద కట్టడాలనూ ఆపింది. ఆ ఆంక్షలను 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో, కొన్ని షరతులు పెట్టి, ఎత్తేశారు. నేల కాంక్రీటైతే వాన ఇంకదు, వరద జలాశయానికి తొందరగా చేరుతుంది. గేట్లు ఎప్పుడు ఎత్తాలో తేల్చుకోవడానికి ఇంజనీర్లకు మిగిలే గంటలు ఆ మేరకు తగ్గుతాయి.