వాడికొక్కడికే పెట్టని పల్లీలు

డాలస్‌లో అక్క వాళ్లింటి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే జేబులోంచి సగం తిన్న పల్లీ చిక్కీ బయటపడింది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో కొన్నది, మర్చేపోయాను. అక్క మొహం మారిపోయింది. "ఒరేయ్, అది బయట చెత్తబుట్టలో పడేసి, సబ్బుతో చేతులు కడుక్కుని అప్పుడు ముట్టుకో వాణ్ని" అంది. శానిటైజర్ రాసుకున్నానన్నాను. "అది క్రిముల్ని చంపుతుంది కానీ పల్లీని చంపదు" అంది.

నిజమే. పల్లీలోని ప్రోటీన్ చేతికి అంటుకుంటే శానిటైజర్‌తో పోదు. సబ్బూ నీళ్లతో కడగాలి, లేదా తడి వైప్‌తో తుడవాలి. మా మేనల్లుడికి అయిదేళ్లు, పల్లీలు పడవు. పదకొండో నెలలో ఇడ్లీతో పాటు వేలికొసంత పల్లీ చట్నీ నోట్లో పెడితే పది నిమిషాల్లో పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, వాంతులయ్యాయి. ఎమర్జెన్సీకి పరిగెత్తారు.

ఇలాంటి పిల్లల శరీరం పల్లీ ప్రోటీన్‌ని శత్రువుగా గుర్తుపెట్టుకుని, దాని మీద ఐజీఈ అనే యాంటీబాడీలు తయారు చేసి పెట్టుకుంటుంది. అవి చర్మంలో, పేగుల్లో, శ్వాసనాళాల్లో ఉండే మాస్ట్ కణాల మీద కాచుక్కూర్చుంటాయి. పల్లీ మళ్లీ తగలగానే ఆ కణాలు హిస్టమిన్ లాంటి రసాయనాలను ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. దద్దుర్లతో ఆగితే అదృష్టం. గొంతు వాచి, బీపీ పడిపోతే అది అనాఫిలాక్సిస్, ప్రాణం మీదకు వస్తుంది.

అసలు శత్రువని ఎందుకు అనుకుంది? నాకు ఆసక్తిగా అనిపించింది ఇదే.

పిల్లాడు పుట్టినప్పుడు అమ్మ ఆరు నెలలు అక్కడే ఉంది. వాడికి బుగ్గల మీద, మోచేతుల దగ్గర ఎర్రగా పగిలే ఎగ్జిమా ఉండేది. ఇంట్లో రోజూ పల్లీ చట్నీ, వారానికోసారి పల్లీ పొడి. మిక్సీ మూత తీస్తే ఆ పొడి గాల్లోకి లేచేది. అవే చేతులతో పిల్లాడికి నూనె రాసేవాళ్లు. "పళ్లు రాని పిల్లాడికి పల్లీలేంటి, పైత్యం" అని వాడికి మాత్రం పెట్టలేదు. అంటే పల్లీ వాడి చర్మానికి తగులుతూనే ఉంది, నోటికే చేరలేదు.

లండన్ కింగ్స్ కాలేజీ డాక్టర్ గిడియన్ లాక్ అనేది సరిగ్గా ఇదే. పగిలిన చర్మం ద్వారా లోపలికి వెళ్లిన ఆహారాన్ని శరీరం చొరబాటుదారుగా చూస్తుంది. నోటి ద్వారా, పేగు ద్వారా పరిచయమైతే తిండిగా ఒప్పుకుంటుంది. ఏది ముందు జరిగిందన్నదే తేడా. మా వాడి విషయంలో ఇదే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరు, అమ్మతో ఆ మాట అననూ లేదు. కానీ లెక్క సరిపోతోంది.

లాక్‌కి దారి దొరికింది టెల్ అవీవ్‌లో. ఒక ప్రసంగంలో, ఈమధ్య పల్లీ అలర్జీ కేసు చూసినవాళ్లు చేతులెత్తమంటే రెండు మూడు చేతులే లేచాయట. లండన్‌లో అయితే దాదాపు అందరూ ఎత్తేవారు. ఇజ్రాయెల్‌లో పసిపిల్లలు బాంబా అనే పల్లీ కుర్‌కురేల్లాంటివి చప్పరిస్తూ పెరుగుతారు. 2008లో ఆయన బృందం లెక్క తీస్తే, బ్రిటన్‌లోని యూదుల పిల్లల్లో పల్లీ అలర్జీ 1.85 శాతం, ఇజ్రాయెల్ పిల్లల్లో 0.17 శాతం. సుమారు పదింతల తేడా. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమేమో ముప్పున్న పిల్లలకు మూడేళ్ల దాకా పల్లీలు పెట్టొద్దని 2000లో సలహా ఇచ్చింది. 2008లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు.

తర్వాత లీప్ అనే ప్రయోగం. తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసివాళ్లను 4 నుంచి 11 నెలల వయసులో తీసుకుని, సగం మందికి పల్లీ పదార్థాలు క్రమంగా పెట్టారు, సగం మందిని దూరంగా ఉంచారు. అయిదేళ్లు నిండేసరికి దూరంగా ఉంచినవాళ్లలో 17.2 శాతానికి అలర్జీ వచ్చింది. తిన్నవాళ్లలో 3.2 శాతానికే. 2015లో ఈ ఫలితాలు వచ్చాక సలహాలు తిరగబడ్డాయి, ఆలస్యం చేయకుండా పసితనంలోనే పెట్టమన్నారు.

ఇక్కడే మన వాట్సాప్ మెసేజ్ తయారైపోతుంది: ఆరో నెలలో అన్నప్రాసన, చూశారా మన పెద్దలు! తొందరపడొద్దు. అన్నప్రాసనలో పెట్టేది పాయసం, పల్లీ కాదు. ఎగ్జిమా బాగా ఉన్న పిల్లలకైతే ముందు డాక్టర్ చేత పరీక్ష చేయించాకే మొదలుపెట్టాలి. ఎవరికైనా సరే, పసివాళ్లకు పల్లీ గింజ ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. మెత్తగా నూరి జావలో కలపాలి.

పరీక్షల మాటొచ్చింది కాబట్టి ఇంకోటి. కర్ణాటకలో బడిపిల్లల మీద చేసిన సర్వేలో అయిదుగురిలో దాదాపు ఒకరి రక్తంలో ఏదో ఒక తిండి మీద ఐజీఈ కనిపించింది. నిజంగా అలర్జీ అనదగ్గవాళ్లు వెయ్యికి ఇద్దరు కూడా లేరు. ల్యాబుల్లో ఆహారాల ప్యాకేజీ టెస్ట్ చేయించి, రిపోర్టులో ఎర్రగీత పడిందని పాలు, గుడ్డు, గోధుమ అన్నీ మానిపించే తల్లిదండ్రులను చూస్తే నాకు పిల్లల మీద జాలేస్తుంది. తిన్నప్పుడు ఏం జరిగిందన్నదే ముఖ్యం. కాగితం ఒక్కటే సరిపోదు.

మా మేనల్లుడిది మాత్రం కాగితం మీది అలర్జీ కాదు. అందుకే అక్క బ్యాగులో ఎప్పుడూ రెండు ఎపీపెన్‌లు, అంటే తొడకు నొక్కితే చాలు మందెక్కించే ఇంజెక్షన్ పెన్నులు ఉంటాయి. లోపల అడ్రినలిన్, వాడి బరువుకి 0.15 మిల్లీగ్రాములు. ఊపిరి ఆడనప్పుడు అలర్జీ సిరప్ పట్టిస్తూ కూర్చుంటే లాభం లేదు, అడ్రినలినే ముందు. మన ఊళ్లలో మందుల షాపుకెళ్తే సులువుగా దొరికే వస్తువు కాదది. మన దగ్గరైతే నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే.

ఈసారి అమ్మ కూడా నాతో వచ్చింది. పల్లీల్లేకుండా శనగపప్పు పోపుతో పులిహోర కలిపింది. భోజనాలయ్యాక సూది లేని ప్రాక్టీస్ పెన్ను తెచ్చుకుని సోఫాలో కూర్చుంది. నీలం మూత ఊడదీసింది, నారింజ రంగు కొనను చీర మీంచే తొడకు బయటివైపు గట్టిగా నొక్కింది. టక్కుమంది. "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి తీసింది. పక్కనున్న మేనల్లుడు తల అడ్డంగా ఊపాడు.

"గట్టిగా పట్టుకోలేదు అమ్మమ్మా, మళ్లీ చెయ్యి."